మిన్నెసోటాలో టెంట్ ఎక్కడ వేయాలి: లేక్ ఒడ్డునా, ప్రెయిరీ మీదా?

ఎండలు మొదలవుతున్నాయంటే చాలు, ట్విన్ సిటీస్‌లోని, అంటే మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లోని మన వాట్సాప్ గ్రూపుల్లో "క్యాంపింగ్‌కి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" అనే ప్రశ్న వచ్చేస్తుంది, జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే వస్తుంది: ఇటాస్కా వెళ్లండి, మిసిసిపీ పుట్టిన చోటు, చూసి తీరాలి. చూసి తీరాల్సిందే, కాదనను. కానీ ఒకసారి చూసి రావాల్సిన చోటు వేరు, చంటిపిల్లతోనో ఇండియా నుంచి వచ్చిన అత్తగారితోనో రెండు రాత్రులు నేల మీద పడుకోవాల్సిన చోటు వేరు. అందుకే పార్కు పేరు కన్నా ముందు నేను చూసేవి మూడే: మధ్యాహ్నం మూడింటికి సైట్ మీద, అంటే టెంట్ వేసే చోటు మీద, నీడ పడుతుందా, రాత్రి రెండింటికి లేస్తే టాయిలెట్ ఎంత దూరం, గాలి వస్తే ఆపేది ఏమైనా ఉందా. ఈ మూడూ కుదిరితే ఎవరూ పేరు వినని పార్కులో కూడా హాయిగా ఉంటుంది. ఇవి కుదరకపోతే ఎంత పేరున్న పార్కయినా రెండో రోజు పొద్దున్నే సామాను సర్దుకోవడమే.

ఇక్కడ నేను మాట్లాడేది ఎక్కువగా ట్విన్ సిటీస్‌కి పడమరగా, వాయవ్యంగా ఉన్న ప్రాంతం గురించి. డలూత్ వైపు, లేక్ సుపీరియర్ ఒడ్డు వేరే లోకం, దాని జోలికి పోను. ఈ పడమటి వైపున పదివేల ఏళ్లకు పైగా కిందట హిమానీనదాలు కరిగి వెనక్కి పోతూ రాళ్లూ కంకరా గుట్టలుగా వదిలేశాయి, మట్టిలో కూరుకుపోయిన మంచుదిమ్మలు కరిగిన చోటల్లా గుంటలు పడి నీళ్లు నిండాయి. ఆటర్‌టెయిల్ అనే ఒక్క కౌంటీలోనే వెయ్యికి పైగా సరస్సులు ఉన్నాయంటే అందుకే. ఆ సరస్సుల పక్కనే ప్రెయిరీ, అంటే చెట్లు లేని గడ్డి మైదానం. ఒకప్పుడు ఈ రాష్ట్రంలో సుమారు కోటీ ఎనభై లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. ఇప్పుడు నూటికి ఒకటో రెండో వంతులు మిగిలింది, మిగతాదంతా మొక్కజొన్న, సోయా పొలాలైపోయింది. ఆ మిగిలిన ముక్కల్లో కొన్ని స్టేట్ పార్కుల్లో ఉన్నాయి కాబట్టి, రెండు మూడు గంటలు కారు నడిపితే లేక్ కావాలంటే లేక్, ప్రెయిరీ కావాలంటే ప్రెయిరీ, అదృష్టం బాగుంటే రెండూ ఒకేచోట దొరుకుతాయి.

లేక్ పక్కన అంటే ఏమిటి, ప్రెయిరీ అంటే ఏమిటి

లేక్ పక్కన సైట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది పొద్దున్నే కాఫీ కప్పుతో నీళ్ల ముందు కూర్చోవడం. అది నిజమే, రాత్రి పడుకున్నాక లూన్ పక్షి కూత వినిపించడమూ నిజమే. కానీ మిన్నెసోటాలో చెట్లూ, తడి నేలా ఉన్నచోట జూన్‌లో దోమలు ఉంటాయి, అవి కూడా మామూలుగా కాదు, సాయంత్రం ఎనిమిది దాటితే భోజనం ప్లేట్లు పట్టుకుని టెంట్‌లోకి పరిగెత్తే రకం. ప్రెయిరీ గుట్ట మీద ఆ బాధ చాలా తక్కువ, ఎందుకంటే అక్కడ గాలి ఆగదు, గాలిలో దోమ నిలవలేదు. దోమలంటే భయపడి క్యాంపింగే మానేసినవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే, అడవిలో సైట్ వద్దు, గాలి తగిలే చోటు చూసుకోండి అని.

అయితే ఆ గాలే ఇంకో తలనొప్పి. ఎత్తుగా, లోపల నిలబడి నడిచేంత పెద్దగా ఉండే క్యాబిన్ టెంట్లు మనవాళ్లు ఎక్కువగా కొంటారు. అవి చెట్ల మధ్య బాగుంటాయి, ప్రెయిరీ మీద మాత్రం రాత్రంతా దడదడలాడుతూ పిల్లల్ని నిద్రపోనివ్వవు. అక్కడికి పొట్టిగా, గుండ్రంగా ఉండే డోమ్ టెంట్ కావాలి, టెంట్‌తో వచ్చే సన్నటి మేకులు కాకుండా పొడవాటి ఇనుప మేకులు పట్టుకెళ్లాలి, ఎందుకంటే అక్కడ నేల కూడా కంకరే. వంట సంగతి మరీ చెప్పాలి. రెండు బర్నర్ల స్టవ్ మీద పోపు పెడుతుంటే మంట ఒక పక్కకి వాలిపోతుంది, ఆవాలు చిటపటలాడవు, అరగంటైనా నీళ్లు మరగవు. స్టవ్ చుట్టూ పెట్టుకునే రేకు అడ్డు ఒకటి కొనుక్కోండి, లేదా మొదటి రాత్రికి పులిహోర, పెరుగన్నం ఇంటి దగ్గరే చేసుకుని ఐస్ పెట్టెలో పెట్టుకెళ్లండి. నేను రెండోదానికే ఓటేస్తాను.

ఎండ కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూన్ చివర ఇక్కడ ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది, తొమ్మిది దాటాక గాని పొద్దు కుంకదు. నీడలేని సైట్‌లో ఆరు గంటలకే టెంట్ లోపల వేడెక్కి అందరూ లేచి కూర్చుంటారు. శనివారం కాస్త ఎక్కువసేపు పడుకుందాం అనుకునేవాళ్లు సైట్‌కి తూర్పున చెట్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇక పిడుదులు. పొడుగు గడ్డిలో నడిస్తే పిడుదు పట్టడం ఖాయం అనుకోండి, ముఖ్యంగా మే, జూన్ నెలల్లో. గడ్డిలో ఎక్కువగా పట్టేది వుడ్ టిక్ అనే పెద్ద రకం, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ దాని వల్ల లైమ్ జబ్బు రాదు. లైమ్ తెచ్చేది నల్లకాళ్ల చిన్న పిడుదు, ఇక్కడివాళ్లు డీర్ టిక్ అంటారు, అది ఉండేది ఎక్కువగా అడవిలో, రాలిన ఆకుల్లో, పొదల్లో. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుని ప్రెయిరీకి భయపడి, అడవిలో చెప్పులేసుకుని తిరుగుతారు. రెండుచోట్లా ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, కాలిబాట మధ్యలోనే నడవండి, సాయంత్రం స్నానం చేసేటప్పుడు పిల్లల చెవుల వెనకా, మోకాళ్ల వెనకా, నడుం దగ్గరా చూడండి.

ఈత కోసమే లేక్ ఎంచుకుంటున్నారా? అయితే లేక్ ఎంత లోతో ముందు చూడండి. ఈ రాష్ట్రపు సహజ వనరుల శాఖను అందరూ డీఎన్ఆర్ అంటారు, వాళ్ల వెబ్‌సైట్‌లో లేక్‌ఫైండర్ అని ఉంది, అందులో సరస్సు పేరు కొడితే లోతు, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి అన్నీ వస్తాయి. పదిహేను అడుగులకు మించి లోతు లేనిదాన్ని వాళ్లు లోతు తక్కువ సరస్సు కింద లెక్కేస్తారు. పడమటి, దక్షిణ జిల్లాల్లో పొలాల మధ్యనున్న ఇలాంటి సరస్సుల్లోకి ఎరువులు కొట్టుకొచ్చి, జులై చివర నుంచి ఆకుపచ్చ పెయింట్ ఒలకపోసినట్టు నాచు తేలుతుంది. అందులో కొంత విషపు రకం, కుక్కలు చచ్చిపోయిన సంఘటనలు ఉన్నాయి, పిల్లల్ని దింపకూడదు. కాబట్టి ఆగస్టులో ఈతకైతే లోతైన లేక్, లేదంటే జూన్‌లోనే వెళ్లిపోవడం. ఇంకో మాట, స్టేట్ పార్కు బీచుల్లో లైఫ్‌గార్డులు ఉండరు, పిల్లల మీద కన్నేసి ఉంచడం పూర్తిగా మన పనే.

ఏ పార్కు ఎవరికి

మొదటిసారి వెళ్లే కుటుంబానికి, చిన్న పిల్లలుంటే, నేను చెప్పేది లేక్ కార్లోస్. అలెగ్జాండ్రియా ఊరికి ఉత్తరాన, ఐ-94 హైవే పట్టుకుని పోతే రెండుంబావు గంటలు, దారి తప్పే అవకాశమే లేదు. లేక్ నూట యాభై అడుగుల పైచిలుకు లోతు, నీళ్లు తేటగా ఉంటాయి. కింద క్యాంప్‌గ్రౌండ్ నీళ్లకి ఆనుకునే ఉంటుంది, పైది చెట్లలో ఉంటుంది. అందరూ కింద దానికోసం కొట్టుకుంటారు, సైట్లు దగ్గర దగ్గరగా ఉండి పక్కవాళ్ల మాటలన్నీ వినపడతాయి, పగలంతా మోటారు బోట్ల చప్పుడు. అయినా పిల్లలున్నవాళ్లకి కిందదే మంచిది అంటాను, ఎందుకంటే నాలుగడుగులు వేస్తే నీళ్లు, తడి బట్టలు మార్చుకోవడానికి టెంట్ పక్కనే. పిల్లలు లేని జంట అయితే పైకి వెళ్లండి. ఈ లేక్‌లో జీబ్రా మసెల్స్ అనే గోరంత ఆల్చిప్పలు ఉన్నాయి, రాళ్లకి అతుక్కుని బ్లేడుల్లా కోస్తాయి, అందుకని నీళ్లలోకి వేసుకునే బూట్లు తప్పనిసరి. గాలి కొట్టే కయాక్ తీసుకెళ్లినా తిరిగొచ్చేటప్పుడు నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టాలి, వేరే లేక్‌కి వాటిని మోసుకెళ్లకుండా, నీళ్లు పారబోయడం చట్టం కూడా. వాన పడితే అలెగ్జాండ్రియాలో సరుకుల షాపులున్నాయి, పెద్ద వైకింగ్ విగ్రహం ముందు ఫొటో దిగొచ్చు, రూన్‌స్టోన్, అంటే వైకింగుల కాలపు లిపి చెక్కిన రాయి, దాని మ్యూజియం ఉంది. 1898లో ఒక రైతుకి పొలంలో దొరికిందన్న ఆ రాయి అసలుదా నకిలీదా అన్న గొడవ ఉంది, పండితుల్లో ఎక్కువమంది నకిలీ అనే అంటారు, కానీ వానలో రెండు గంటలు గడపడానికి ఆ గొడవే మంచి కాలక్షేపం.

దీనికి పోటీ సిబ్లీ. న్యూ లండన్ ఊరి దగ్గర, రెండు గంటల ప్రయాణం, 1919 నుంచి ఉన్న పార్కు. లేక్ ఆండ్రూ బీచ్ చిన్న పిల్లలకి చాలా బాగుంటుంది, మౌంట్ టామ్ అనే గుట్ట ఎక్కితే పైన రాతి మంటపం, చుట్టూ పొలాలూ సరస్సులూ కనిపిస్తాయి. పేరుకి మౌంట్ అన్నారు గానీ, మన తిరుమల మెట్లు ఎక్కినవాళ్లు దాన్ని కొండ అనరు. ఆరేళ్ల పిల్లాడు కూడా ఎక్కేస్తాడు, అదే దాని గొప్ప. ఇక్కడ లేక్‌వ్యూ, ఓక్ రిడ్జ్ అని రెండు క్యాంప్‌గ్రౌండ్‌లు, పేర్లలోనే సంగతి తెలిసిపోతుంది. కార్లోస్, సిబ్లీ రెండింట్లో ఒకటి చెప్పమంటే, ఈతే ముఖ్యమైతే కార్లోస్, ఈతతో పాటు సైకిలూ నడకా కూడా కావాలంటే సిబ్లీ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎవరూ వెళ్లనిది: గ్లేషియల్ లేక్స్ స్టేట్ పార్క్. స్టార్‌బక్ అనే ఊరుంది, కాఫీ షాపుకీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఆ ఊరికి కొంచెం దక్షిణాన ఉంటుంది. లేక్, ప్రెయిరీ రెండూ ఒకేచోట కావాలంటే ఇదే. హిమానీనదం వదిలిన గుట్టలు గడ్డితో నున్నగా అలల్లా పోతుంటాయి, వాటి మధ్య గిన్నెలా మౌంటెన్ లేక్, యాభై ఆరు ఎకరాలే. దాంట్లోకి వచ్చే నీళ్లు చాలామటుకు పార్కు లోపలి నేల నుంచే వస్తాయి, ఏ పొలం ఎరువులూ కలవవు కాబట్టి ఇంత ప్రెయిరీ మధ్యలో ఉండి కూడా లేక్ తేటగా ఉంటుంది. జులై, ఆగస్టు నెలల్లో గుట్టల మీద అడవి పూలు, ఆగస్టు చివరికి బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషెత్తు పెరుగుతుంది. దగ్గరలో పెద్ద ఊరి దీపాలు లేవు కాబట్టి చీకటి గట్టిగా ఉంటుంది, పాలపుంత చక్కగా కనిపిస్తుంది, కాకపోతే జూన్‌లో ఆ చీకటి పడేసరికి పదకొండు దాటుతుంది, పిల్లలు అప్పటికే నిద్రపోతారు, అందుకే నక్షత్రాల కోసమైతే ఆగస్టు చివర, సెప్టెంబర్ మేలు. ఇక్కడ చేయడానికి పనేం ఉండదు. అది కొందరికి వరం, కొందరికి శిక్ష. గుట్టల మీద నడవడం, లేక్‌లో పడవ, అంతే. పదమూడేళ్ల పిల్లల్ని తీసుకెళ్తే రెండో రోజు మధ్యాహ్నానికి వాళ్ల మొహాలు చూడలేం, ముందే చెబుతున్నాను.

గ్లెండలో అనే పార్కు సంగతి వేరు. బాటిల్ లేక్ ఊరి దగ్గర, మూడు గంటల దారి. అక్కడ టెంట్ సైట్ దాకా కారు పోదు, పార్కింగ్‌లో ఆపి, అక్కడున్న తోపుడు బండిలో సామానంతా వేసుకుని తోసుకుంటూ వెళ్లాలి. మన సామాను సంగతి తెలుసుగా, కుక్కరు, దుప్పట్లు, బియ్యం, పిల్లల ఆటబొమ్మలు, రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది. కానీ ఆ ఒక్క ఇబ్బంది వల్లే ఆర్‌వీలు, అంటే ఇల్లులా ఉండే పెద్ద బళ్లు రావు, ఇంజిన్ చప్పుడు లేదు, రాత్రి పదకొండింటికి ఎవరి హెడ్‌లైట్లూ మన టెంట్ మీద పడవు, అయినా స్నానానికి వేడినీళ్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి. యానీ బాటిల్ లేక్‌లో మోటార్లు నిషేధం, చేపలు ఎక్కడున్నాయో చూపించే ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా వాడకూడదు. ఒకప్పుడిది మినియాపోలిస్ పత్రికల యజమానుల వేట విడిది, ఐసెన్‌హోవర్, నిక్సన్ లాంటివాళ్లు అతిథులుగా వచ్చారు, 1992లో స్టేట్ పార్కుగా ప్రజలదైంది. పార్కులోంచి ఊళ్లోకి పోయి చుట్టూ తిరిగొచ్చే పన్నెండు మైళ్ల తారు సైకిల్ బాట ఉంది. ఒకటి రెండుసార్లు క్యాంపింగ్ అలవాటైనవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు ఈ వైపు లేదని నా అభిప్రాయం. మొదటిసారికి మాత్రం వద్దు, అర్ధరాత్రి వాన మొదలైతే పరిగెత్తి కార్లో కూర్చోవడానికి కారు పక్కన ఉండదు.

ఇక ఇటాస్కా. 1891లో మొదలైన ఈ రాష్ట్రపు మొట్టమొదటి స్టేట్ పార్కు, ముప్పై రెండు వేల ఎకరాలకు పైగా, లోపల వందకు పైగా సరస్సులు. నిజానికి ఇది ప్రెయిరీ కాదు, ఎత్తైన పైన్ చెట్ల అడవి. ప్రెయిరీ అక్కడికి పడమరగా మొదలవుతుంది. మిసిసిపీని రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటడం పిల్లలు పెద్దయ్యాక కూడా చెప్పుకుంటారు. ఆ రాళ్లు సహజంగా పడినవి కావు, 1930ల్లో అక్కడి చోటును బాగుచేసి పేర్చినవి, కానీ దానివల్ల సరదా తగ్గదు. అక్కడి సందర్శకుల కేంద్రానికి మేరీ గిబ్స్ పేరు పెట్టారు, ఎవరో కనుక్కోండి అని పిల్లలకి పని పెట్టండి: 1903లో ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, పార్కు బాధ్యత మీదపడితే కలప కంపెనీవాళ్లకి ఎదురు నిలబడింది. ఇంత బాగుంటే మరి అభ్యంతరం ఏమిటంటే, దూరం. నాలుగు గంటలకు దగ్గర, పిల్లలతో అయితే ఐదు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే చీకట్లో టెంట్ వేయాలి, శనివారం చూసేసరికి సగం అయిపోతుంది, ఆదివారం మళ్లీ ఐదు గంటలు. ఇటాస్కాకి మూడు రాత్రులు ఉంటేనే వెళ్లండి, లేకపోతే దగ్గర ఊళ్లో హోటల్ తీసుకుని చూసి రండి. క్యాంప్‌గ్రౌండ్‌లు బేర్ పా, పైన్ రిడ్జ్ అని రెండు. బేర్ పా లేక్‌కి దగ్గర, పైన్ రిడ్జ్ లోపలికి. పేరుకే బేర్ కాదు, నల్ల ఎలుగుబంట్లు నిజంగానే ఉన్నాయి ఆ అడవిలో, తిండి పదార్థాలూ, టూత్‌పేస్టూ టెంట్‌లో పెట్టకండి, కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి. మిగతా పార్కుల్లో ఇదే జాగ్రత్త రకూన్ల కోసం, అవి ఐస్ పెట్టె మూత తీయడం బాగా నేర్చుకున్నాయి.

అచ్చమైన ప్రెయిరీ చూడాలంటే బ్లూ మౌండ్స్, రాష్ట్రానికి నైరుతి మూల, లువర్న్ ఊరి దగ్గర. గులాబీ రంగు క్వార్ట్‌జైట్ రాతి అంచు నిట్టనిలువుగా, కొన్నిచోట్ల వంద అడుగుల దాకా లేస్తుంది. పైన గడ్డిలో అడవి దున్నల మంద, రాళ్ల సందుల్లో నాగజెముడు లాంటి ముళ్ల మొక్కలు పసుపు పూలు పూస్తాయి. మిన్నెసోటాలో నాగజెముడేమిటి అనిపిస్తుంది, కానీ ఉంది. ఈత కోసం మాత్రం వెళ్లకండి, 2014 జూన్ వరదలకి అక్కడి చిన్న డ్యామ్ తెగిపోయి లేక్ ఖాళీ అయిపోయింది, పాత సమీక్షల్లో బీచ్ అని చదివి పిల్లల స్విమ్ సూట్లు పట్టుకెళ్లేవాళ్లు ఇంకా ఉంటారు. జులై మధ్యాహ్నాల్లో ఎండ మాడ్చేస్తుంది, జూన్ మొదట్లో గానీ సెప్టెంబర్‌లో గానీ వెళ్లాలి. ఇదీ నాలుగు గంటలకు దగ్గరే, కానీ ఇక్కడి ఆదివాసులు పొగగొట్టాల కోసం ఎర్రరాయి తవ్వుకునే పైప్‌స్టోన్ నేషనల్ మాన్యుమెంట్ దగ్గరలోనే ఉంది కాబట్టి రెండూ కలిపితే ప్రయాణం గిట్టుబాటవుతుంది.

ఫార్గో, మూర్‌హెడ్ వైపు చదువుకునేవాళ్లూ, ఉద్యోగాలు చేసేవాళ్లూ బఫెలో రివర్ పార్కు చూడండి, అరగంటలోపే, పక్కనే బ్లూస్టెమ్ ప్రెయిరీ. రంగుల ఆకుల కోసమైతే పెలికన్ రాపిడ్స్ దగ్గర మేపుల్‌వుడ్, సెప్టెంబర్ చివర.

స్టేట్ పార్కా, ప్రైవేటా, కౌంటీదా

ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లలో స్విమ్మింగ్ పూల్, వైఫై, లాండ్రీ, ఐస్‌క్రీం షాపు ఉంటాయి, ధర కూడా ఎక్కువగానే ఉంటుంది. చాలావాటిలో వేసవంతా ఒకేచోట పాతుకుపోయే ఆర్‌వీలు ఉంటాయి, వాళ్లందరికీ వాళ్లు తెలుసు, టెంట్ వాళ్లకి మూలనున్న ఎండ ముక్క ఇస్తారు. టీనేజ్ పిల్లలకి, వైఫై లేకపోతే అన్నం మానేసేవాళ్లకి ఇదే నయం. అసలు మనకి క్యాంపింగ్ పడుతుందో లేదో తెలియదు అనుకునేవాళ్లు అంత దూరం కూడా పోనక్కర్లేదు, ట్విన్ సిటీస్ శివార్లలో స్థానిక పార్కులు నడిపే త్రీ రివర్స్ పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ల బేకర్ క్యాంప్‌గ్రౌండ్ మేపుల్ ప్లెయిన్ దగ్గరే ఉంది, మేపుల్ గ్రోవ్ గుడి నుంచి అరగంట లోపు. పిల్లాడికి జ్వరం వచ్చినా, టెంట్ కర్ర విరిగినా రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. టెంటూ స్టవ్వూ ఏవీ లేనివాళ్లకి డీఎన్ఆర్ వాళ్లు ఐ కెన్ క్యాంప్ అనే కార్యక్రమం నడుపుతారు, సామాను వాళ్లే ఇచ్చి దగ్గరుండి నేర్పిస్తారు, వెయ్యి డాలర్ల సామాను కొనేముందు అది చూడండి.

స్టేట్ పార్కులకి సైట్ అద్దె కాకుండా కారు పర్మిట్ వేరే, రోజుకి గానీ సంవత్సరానికి గానీ తీసుకోవచ్చు. ఎక్కువసార్లు తిరిగేవాళ్లకి సంవత్సరానిదే లాభం.

మ్యాప్‌లో సైట్ ఎంచుకునేటప్పుడు

బుకింగ్ పేజీలో చాలా సైట్లకి ఫొటో ఉంటుంది, తప్పకుండా తెరిచి చూడండి. చదునుగా ఉందా, చుట్టూ పొదలున్నాయా లేక పక్క సైట్ నేరుగా కనిపిస్తోందా తెలిసిపోతుంది. టాయిలెట్ భవనానికి రెండు మూడు సైట్ల దూరం సరైనది. ఆనుకుని ఉంటే రాత్రంతా తలుపుల చప్పుడు, లైటు, అందరూ మన సైట్‌లోంచే అడ్డదారి. మలుపు మీదుండే సైట్లు ఫొటోలో విశాలంగా కనిపిస్తాయి, ప్రతి కారు లైటూ టెంట్ మీద పడుతుంది.

కరెంటు సైట్ కావాలా వద్దా అన్నదానికి మన ఇళ్లలో జవాబు రైస్ కుక్కర్ మీద ఆధారపడి ఉంటుంది, నవ్వులాటకి అనడం లేదు. కరెంటు ఉంటే కుక్కరు, టీ కెటిల్, పెద్దవాళ్ల కోసం చిన్న ఫ్యాను అన్నీ నడుస్తాయి, కానీ చుట్టూ ఆర్‌వీలు, వాటి ఏసీల హోరు. గాలి పరుపు పంపు, ఫోన్లు కారులో కూడా నడుస్తాయి కాబట్టి ఆ రెండింటి కోసమే అయితే కరెంటు లేని వైపు తీసుకోండి, అక్కడ టెంట్లవాళ్లే ఉంటారు.

తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చి ఉంటే టెంట్ ఆలోచన వదిలేసి క్యాంపర్ క్యాబిన్ చూడండి, చాలా పార్కుల్లో ఉన్నాయి. చెక్క గది, బంక్ మంచాలు, పరుపులు, ఎక్కువవాటిలో కరెంటు. లోపల బాత్రూమ్ ఉండదు, వంట చేయకూడదు, దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి. కింద మంచం పెద్దవాళ్లకి, పైది పిల్లలకి అని ముందే చెబితే గొడవ ఉండదు. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్దాం అంటే, ఒక సైట్‌కి ఆరుగురే అని నిబంధన. నాలుగు సైట్లు పక్కపక్కన దొరకడం వేసవిలో గగనమే, గ్రూప్ క్యాంప్ అని విడిగా ఉండేది బుక్ చేసుకోండి, పెద్ద మంట చుట్టూ అందరూ కూర్చోవచ్చు. రాత్రి పది నుంచి ఉదయం ఎనిమిది దాకా నిశ్శబ్దం పాటించాలి, బ్లూటూత్ స్పీకర్ వద్దు, అంత్యాక్షరి ఆడాలంటే ఏడింటికే మొదలుపెట్టండి. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లడానికి లేదు, యాష్ చెట్లని చంపే పురుగు వాటితో పాకుతుందని. పార్కులోనో, డీఎన్ఆర్ ఆమోదించిన అమ్మకందారు దగ్గరో కొనుక్కోవాలి.

ఉరుముల వాన సంగతి ఏ పార్కుకైనా ఒకటే. చేరగానే గాలివాన వస్తే తలదాచుకునే భవనం ఎక్కడో ఆఫీసులో అడగండి, చాలాచోట్ల అది స్నానాల గదుల భవనమే అవుతుంది. ప్రెయిరీ మీద మేఘం చాలా దూరం నుంచే కనిపిస్తుంది, అడవిలో నెత్తి మీదికి వచ్చేదాకా తెలియదు. ఇటాస్కా లాంటిచోట ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, వాతావరణ రేడియో చిన్నది ఒకటి ఉంటే మంచిది.

బుకింగ్ సరిగ్గా 120 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. అంటే జులై 3న దిగాలంటే మార్చి 5న, బయట మంచు ఉండగానే, కాఫీ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవాలి. కార్లోస్ కింద సైట్లు, ఇటాస్కా బేర్ పా లాంటివి ఆ పూటే అయిపోతాయి. ఆలస్యమైతే గ్లేషియల్ లేక్స్ చూడండి, వారాంతం దొరకకపోతే ఆదివారం నుంచి గురువారం దాకా అడగండి, ఖాళీ అయితే కబురు పంపమని ఆ బుకింగ్ వెబ్‌సైట్‌లోనే పెట్టుకోండి, వానొస్తుందని తెలియగానే చాలామంది రద్దు చేసుకుంటారు. ఏ రోజుకారోజు బుక్ చేసుకునే వీలు కూడా ఉంది, ఆగస్టులో బడులు తెరిచే ముందు వారం మధ్యలో ప్రయత్నించండి, దారిలో రోడ్డు పక్కన బళ్ల మీద తీపి మొక్కజొన్న పొత్తులు అప్పుడే కోసినవి అమ్ముతుంటారు, ఓ డజను తీసుకెళ్తే ఆ రాత్రి వంట పని లేదు.